జత తప్పిన చేయి

అత్తవారు దాచిరి. పున్నయ్య భార్య యందుచేతనే మరణించెను. ఇందు వాదమునకుఁ దావు లేదు.

ప్రచండమార్తాండకిరణసంతాపమునకుఁ బల్నాటి త్రోవపొడవునను మిరపకల్లములు చల్లాఱని చితులవలె నెఱ్ఱఁబడియున్న యొక మధ్యాహ్నమున నతఁడు తల్లిలేని కూఁతురు జ్యోత్స్నను వెంటఁబెట్టుకొని గుంటూరి వైద్యశాలకుఁ బోయెను. తల్లి హైమావతి గడచిన శిశిరమునఁ గంఠవ్రణముచేతఁ గన్నుమూసెను. బిడ్డ నెత్తురు పరీక్షించిన వైద్యురాలు బొమ్మ గీసి చెప్పసాగెను.

"కణం మీద ఈ గ్రాహకం కాపలావాడి లాంటిదండీ. బయటి నుంచి కబురొస్తేనే రెండు గ్రాహకాలు జతకూడి, పెరగమని లోపలికి చెప్తాయి. లేకపోతే విడివిడిగా ఊరుకుంటాయి. ఒక్కోదాని లోపల చేతులు రెండేసి పట్టుకుని దాని ఆకారం నిలబెడతాయి. మీ ఆవిడ వాళ్ళ వంశంలో అందులో ఒక చెయ్యి పుట్టుకతోనే లేదు. మిగిలిన ఒంటిచెయ్యి పక్కదాని ఒంటిచేతిని పట్టేసుకుంటుంది. ఇక వదలదు. కబురు లేకుండానే పెరగమంటూనే ఉంటుంది. అదే గొంతులో గడ్డవుతుంది. పాపకీ అదే ఉంది. గొంతులో గ్రంథి ఇప్పుడే తీసేస్తే బతుకుతుంది."

జతఁగోల్పోయిన చేయి యూరకుండదని పున్నయ్యకు వేఱుగఁ జెప్ప నక్కఱలేకపోయెను. అతని కుడిచేయి యప్పటికే బిడ్డ మణికట్టును నొప్పి పుట్టునంతగాఁ బట్టుకొనియుండెను.

ఈ వార్త విని యత్తగారు మాణిక్యమ్మ పరుగున వచ్చెను.

"ఏందయ్యా, ఆడపిల్ల మెడ కోయిస్తావా? రేపు దాన్నెవడు చేసుకుంటాడు?" అని యేడ్చి, యతఁడు చలింపకుండుటఁ జూచి, చెంగుముడి విప్పి వెడల్పైన బంగారు కంటె నొకటి తీసెను. "పోనీ కోయించు. మచ్చ కనపడకుండా ఇదుందిగా."

పెండ్లిచూపులనాఁడు హైమావతి కంఠమున నుండిన దా కంటెయే. నాఁడు పున్నయ్య దానిని సిరి యనుకొనెను. అది గడ్డకు మూఁత.

"మామ దేంతో పోయాడత్తా? ఆయనక్క దేంతో పోయింది?"

ఆమె తల వంచుకొనెను. "గొంతులో గడ్డలే. చెప్తే నువ్వు చేసుకునేవాడివా?"

"చేసుకునేవాణ్ణి. వైద్యం చేయించేవాణ్ణి."

మాణిక్యమ్మ కంటెను మరల మూటఁగట్టెను.

శస్త్రచికిత్స జరిగినది. తొలకరి మేఘములు నల్లరేగడినిఁ దడుపుచున్న యొకనాఁ డామె మరల వచ్చి గడపకడఁ గూలఁబడి "తప్పైపోయిందయ్యా" యనెను. జ్యోత్స్న యెదుట నాడుకొనుచుండెను. నగలేని యా చిఱుత మెడపైఁ గుట్టుమచ్చ యెఱ్ఱగాఁ గనబడుచుండెను.

"అన్నం తిని వెళ్ళత్తా. అప్పుడు దాచిన మాట మాత్రం ఎత్తొద్దు. చచ్చేదాకా నేనూ ఎత్తను" అని పున్నయ్య యామెకుఁ బీట వాల్చెను.