పాదాలకు వినపడిన చప్పుడు

గ్యాసు కంపెనీ ఊరి బయట ఇనుప గోపురం లేపిన ఏడాది ఆ వీధిలో ఖాళీ గది అన్నది లేకుండా పోయింది. కుట్టుమిషనుతో ఇల్లు నెట్టుకొస్తున్న కోడలు కూడా మేడ మీది గదిని డ్రిల్లింగు ఇంజనీరుకి అద్దెకిచ్చింది. తల వంచకుండా ఏ గుమ్మమూ దాటలేడు కాబట్టి వీధిలో అందరూ ఆయన్ని నిచ్చెన అనేవారు. ఆమె భర్త తన పాత లారీకి ట్యాంకు బిగించుకుని, తవ్వేచోటికి నీళ్ళు తోలడం మొదలుపెట్టాడు. అంతకుముందు సగం రోజులు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న మనిషికి ఇప్పుడు కంచం ముందు కూర్చునే తీరిక లేదు.

ఇంట్లో ఇంకో మనిషి అత్తగారు. కొడుకు చంకలో పిల్లాడిగా ఉన్నప్పుడే ఏదో జ్వరం వచ్చి ఆవిడ చెవులు పోయాయి. పక్కన పిడుగు పడినా తిరిగి చూడదు. ఏం చెప్పాలన్నా కోడలు భుజం తట్టి, ఎదురుగా నిలబడి, పెదాలు నిదానంగా కదపాలి.

ఒక ఉదయం ఆవిడ వంటింట్లో నేల మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తూ తలెత్తింది.

"ఎవరో తలుపు కొడుతున్నారు, చూడవే."

కోడలు మిషను ఆపి వాకిట్లోకి వెళ్ళింది. ఎవరూ లేరు. తిరిగొచ్చేసరికి అత్తగారు అరచెయ్యి నేలకు ఆనించి ఉంది.

"తలుపు కాదు. కిందనించి. ఏదో తిప్పుతున్నారు, రుబ్బుతున్నట్టు."

కోడలు కూడా చెయ్యి ఆనించి చూసింది. చల్లటి గచ్చు తప్ప ఏమీ తెలియలేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నిచ్చెనని అడిగింది.

"ముందు నిలువుగా దిగుతాం చెల్లెమ్మా. లోపల పలకరాయి తగిలాక అడ్డం తిరుగుతాం," అని ఆయన గరిటెను వాల్చి చూపించాడు. "గ్యాసంతా ఆ రాతి పొరల్లో ఇరుక్కుని ఉంటుంది. నీళ్ళూ ఇసకా మందులూ కలిపి గట్టిగా కొడితే రాయి పగులుతుంది. అప్పుడు గానీ బయటికి రాదు."

"అడ్డంగా అంటే మా ఇంటి కిందికా, అన్నయ్యగారూ?"

"ఇవాళ మీ వంటింటి కిందే ఉన్నాం. భయపడకు. రెండు మైళ్ళ లోతు. అక్కడి చప్పుడు ఇక్కడ ఏ మనిషికీ వినపడదు."

అత్తగారు ఆయన వైపు చూడటం లేదు. నేలను నిమురుతూ, "ఆగిపోయింది," అంది.

ఆయన నవ్వబోయాడు. జేబులో ఫోను మోగింది. అవతలివాళ్ళ మాట విని పెట్టేశాక, చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

"తవ్వే మొన అరిగిందని మిషను ఆపారట. ఇప్పుడే."

మర్నాటి నుంచి ఆయన పనికి వెళ్ళేముందు మెట్ల దగ్గర ఆగి ఆవిడ మొహంలోకి చూసేవాడు. పక్కింటి వైపు పోయిందనో, రాయి మారిందనో ఆవిడ చెప్పేది. ఆయన విని పనికి వెళ్ళిపోయేవాడు. వచ్చేటప్పుడు ఆవిడకు పళ్ళు తెచ్చేవాడు.

"కంపెనీ వాళ్ళు మా అమ్మకీ జీతం కట్టాలి. నాకంటే ఎక్కువ చాకిరీ చేస్తోంది," అన్నాడు కొడుకు. కోడలు నవ్వింది గానీ నిచ్చెన నవ్వలేదు.

తవ్వడం అయిపోయి రాయిని పగలగొట్టడం మొదలైన రోజుల్లో అత్తగారు తిండి తగ్గించేసింది. ఒక మధ్యాహ్నం లేచి నిలబడింది.

"నీళ్ళు పాకుతున్నాయే. వీళ్ళు పొమ్మన్న వైపు కాదు."

చెప్పులు లేకుండానే వీధిలోకి నడిచింది. సెలవులో ఉన్న నిచ్చెన మేడ దిగి ఆవిడ వెనక, చెప్పులు చేత్తో పట్టుకుని కోడలు ఆయన వెనక. మంగలి షాపులో గడ్డం గీయించుకుంటున్న వాళ్ళు తలలు తిప్పి చూశారు. ఆవిడ మలుపుల దగ్గర కాస్త ఆగుతూ, కాలితో తడుముకుంటూ, చివరికి మూతబడ్డ సినిమా హాల్లోకి వెళ్ళింది.

ఆ హాలు ఆవరణలో నీళ్ళ లారీలు ఆగేవి. ఎండకి తట్టుకోలేని డ్రైవర్లు లోపల విరిగిన కుర్చీల్లో కునుకు తీసేవారు. లోపల చీకటిగా, చల్లగా ఉంది. ఎవరో గుర్రు పెడుతున్నారు. వెనక వరసలో ఒక బీడీ నిప్పు ఎర్రగా వెలిగి తగ్గింది. అత్తగారు వాలుగా ఉన్న నేల మీద దిగుతూ తెర ముందుకి పోయి నిలబడింది.

"ఇక్కడికే వస్తోంది."

సెలవు రోజైనా నిచ్చెన చొక్కాకి తగిలించుకునే ఉన్న, గ్యాసును పసిగట్టే చిన్న పెట్టె కీచుమంది. ఆ చీకట్లో ఏ వాసనా లేదు. ఆయన గొంతు పెంచకుండా వెనక వరసవాడితో, "ఆ బీడీ నోట్లోంచి తియ్యకు, నిప్పురవ్వ రాలకూడదు. మెల్లగా బయటికి నడు," అన్నాడు. కోడలు వరస వరసా తిరిగి పడుకున్న వాళ్ళని తట్టి లేపింది. మూడో వరసలో, కాళ్ళు ముందు కుర్చీ మీద పెట్టుకుని నిద్రపోతున్నవాడు ఆమె భర్తే. రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

పొద్దువాలేలోగా తెర ముందు గచ్చు పగిలి బురదనీళ్ళు బుడగలు కక్కాయి. ఎప్పుడో చమురు కోసం తవ్వి పూడ్చేసిన బావి మీద ఆ హాలు కట్టారని అప్పుడు బయటపడింది. అది బతికున్న వాళ్ళెవరికీ గుర్తులేని సంగతి. కింద పగిలిన రాయి నీళ్ళకీ గ్యాసుకీ ఆ బావిలోకి దారిచ్చింది.

మనుషులకేమీ కాలేదు. వీధి బోరింగుల్లో మాత్రం నీళ్ళ మీద రంగురంగుల జిడ్డు తేలింది. కంపెనీ తాను తవ్విన బావి మూసి గోపురం విప్పుకుని పోయింది. జరిగింది జరిగినట్టు చెప్పిన నిచ్చెనని ఎక్కడో దూరపు పనికి మార్చారు. గదులన్నిటికీ మళ్ళీ 'అద్దెకివ్వబడును' బోర్డులు వేలాడాయి. కొత్త పరుపులు కొన్న హోటలువాడు వాటిని వాకిట్లో పెట్టి అమ్మాడు. కోడలి భర్త లారీ ట్యాంకు కడిగించి, అదే ట్యాంకుతో ఊరికి తాగే నీళ్ళు తోలాడు. మొదట్లో కొందరు మొహం చిట్లించారు గానీ, బిందెలు పట్టుకుని బారులు తీరక తప్పలేదు.

ఇల్లు అమ్ముకోవాలనుకున్న వాళ్ళు అత్తగారి కోసం వచ్చేవారు. "ఒక్కసారి మా ఇంట్లో నిలబడి చెప్పండి పెద్దమ్మా, కింద ఏముందో." ఆవిడ ఎవరింటికీ వెళ్ళలేదు.

"ఏమని చెప్పను? మిషన్లు పోయాయి గానీ లోపలికి పోసినవి పోలేదు. ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఏ ఇంటికి ఎప్పుడో నాకేం తెలుసు?" అంది కోడలితో. అప్పటికే ఆవిడ మంచం దిగడం మానేసింది. కోడలు కూడా, తనకు తెలియకుండానే, పాదాలు మడిచి స్టూలు మీద పెట్టుకుని కుట్టేది.

వానల కాలం వెళ్ళాక ఒకరోజు నిచ్చెన ఫోను చేశాడు.

"పెద్దమ్మ ఎలా ఉన్నారు చెల్లెమ్మా? ఇక్కడా అడ్డం తిరిగాం. కాగితాల మీద అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నాకే ఎందుకో మనసు బాగాలేదు. ఒక్క మాట అడిగి చెప్పవూ?"

కోడలు భుజం తట్టి, పెదాలు నిదానంగా కదిపి చెప్పింది. అత్తగారు మంచం మీంచే జవాబిచ్చింది.

"బూట్లు విప్పి నిలబడమను. వాడికీ తెలుస్తుంది."

కోడలు ఆ మాటే ఆయనకు చెప్పింది. అవతల చాలాసేపు గాలి చప్పుడు. ఆ తర్వాత ఏదో బరువైనది నేల మీద పడింది, కాస్త ఆగి ఇంకొకటి.

"అన్నయ్యగారూ?"

ఆయన ఊపిరి వినిపిస్తోంది.

"తెలుస్తోందమ్మా. ఉంటాను," అన్నాడు చివరికి. మళ్ళీ ఎప్పుడూ ఫోను చెయ్యలేదు.