వంతెన బొమ్మ కింద బకెట్

సాయంత్రం ఐదవగానే మాస్టారు బోర్డు తుడిచాడు, ఆయా బకెట్ తెచ్చి గోడకున్న వంతెన బొమ్మ కింద పెట్టింది. ఇంగ్లీషు క్లాసుకు ముందు రోజూ జరిగేదే. లండన్‌లో వాన పడితే ఆ ఫ్రేము అడుగునుంచి నీళ్లు కారతాయి. ఓడ వస్తే రెండు బురుజుల మధ్య వంతెన లేస్తుంది, అల గదిలోకి కొడుతుంది. అప్పుడు అందరూ కాళ్లు బెంచీల మీద పెట్టుకుని పాఠం వింటారు.

మాస్టారికి ఇరవై ఆరేళ్లు. "చదువు చెమటోడ్చేవాడిది" అని గోడ మీద తనే ఎర్రరంగుతో రాశాడు. దొరల భాష నేర్చుకుని దొరల్నే నిలదీయాలని ప్రతి బ్యాచికీ చెప్తాడు. రెండేళ్లు లండన్‌లో ఉన్నానని, ఈ వంతెన మీదే రోజూ నడిచానని కూడా చెప్తాడు. అతను ఊరు దాటింది లేదు. మూడేళ్ల కిందట మొదటి క్లాసులో నోరు జారి ఆ అబద్ధం ఆడాడు, ఇక దాన్ని మేపుకుంటూ రావాల్సి వచ్చింది.

ఆ రోజు క్లాసులో చదువుకునే నర్సు లేచి నిలబడింది. మర్నాడు పదింటికి ఆమెకు ఇంటర్వ్యూ. లండన్‌లో వృద్ధాశ్రమం ఉద్యోగం. ముసలివాళ్లతో కబుర్లాడగలదో లేదో చూడ్డానికి బొమ్మలు చూపించి మాట్లాడమంటారట. వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరి అవకాశం.

"ఇదేంటమ్మా?" అన్నాడు మాస్టారు కర్రతో చూపిస్తూ.

"లండన్ బ్రిడ్జి సార్."

అది టవర్ బ్రిడ్జి అనీ, లండన్ బ్రిడ్జి దానికి కాస్త ఎగువనున్న సాదా వంతెన అనీ మాస్టారు పోయిన నెలే చదివాడు. ఇప్పుడు చెప్తే, రోజూ నడిచిన వంతెన పేరే తెలీదా అనరూ?

"గుడ్" అన్నాడు.

మూల నేల తుడుస్తున్న ఆయా చెయ్యి ఆగింది. అతని వైపు చూసి తల దించుకుంది.

ఓడ కూసింది. అందరూ కాళ్లెత్తారు. ఓడ మీద టోపీవాడు వంగి, ఎప్పట్లాగే ఆయాను పలకరించాడు. ఆమె ఎప్పట్లాగే ఇంగ్లీషులో గడగడా జవాబిచ్చింది. మాస్టారు ఆ మాటలు చెవిన పెట్టింది ఇవాళే. టవర్ బ్రిడ్జి దగ్గర చలెలా ఉందని అడుగుతోంది.

"నీకు తెలుసా?" అన్నాడు ఓడ వెళ్లాక.

"ఎప్పట్నించో, బాబూ." ఆయా గుడ్డ పిండింది. "మీ పరువెందుకు తియ్యాలని ఊరుకున్నా. పిల్లలు వెళ్లిపోయే రోజు గేటు దగ్గర అసలు పేరు చెవిలో వేస్తా. ఈ అమ్మాయికీ ఇవాళ చెబ్దామనుకున్నా."

మూడేళ్ల బ్యాచిలన్నీ అతని కళ్ల ముందు తిరిగాయి. అందరూ నమస్కారం పెట్టి వెళ్లినవాళ్లే. గోడ మీద ఎర్రక్షరాలవైపు చూడలేకపోయాడు. ఈ ఆయాను ఒక్కరోజైనా బెంచీ మీద కూర్చోమన్నాడా?

"అది టవర్ బ్రిడ్జి. నేను లండన్ వెళ్లలేదు" అన్నాడు క్లాసువైపు తిరిగి.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"తెలుసు సార్," అన్నాడు వెనక బెంచీ ప్లంబరు. "మా అన్న కూడా ఇక్కడే చదివాడు."

"ఇంకేం తప్పులున్నాయి సార్?" నర్సు నోటుబుక్కు తెరిచింది. "నాకు రేపు పదింటికి."

మాస్టారు కర్ర ఆయా ముందు పట్టాడు. "మీరు చెప్పండి."

ఆ 'మీరు' ఎవరా అని ఆయా వెనక్కి తిరిగి చూసింది. తర్వాత చేతులు తుడుచుకుంది. "ముందు వాన సంగతి ఎత్తాలమ్మా. అక్కడ పెద్దవాళ్ల కబుర్లు అక్కణ్నించే మొదలట."

మర్నాడు క్లాసు వేళకు ఫోను మోగింది.

"టీచరుగారున్నారా?" నర్సు గొంతు.

"నేనేనమ్మా."

"మీరు కాదు సార్."

మాస్టారు ఫోను ఆయాకిచ్చాడు. "ఉద్యోగం వచ్చిందా? నేను చెప్పలా!" అంటోంది ఆమె. అతను బొమ్మ కింద బకెట్ ఎత్తుకుని బయటికి నడిచాడు. నిండుగా ఉంది. అది ఇంత బరువుంటుందని మూడేళ్లలో అతనికి తెలియలేదు.