తెర మీద ఎనిమిది

సిలార్ ముక్కు చచ్చి చాలా కాలమైంది. చిలకలూరిపేట హైవే పక్కనున్న ఆ మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఇన్నేళ్లుగా గదుల్ని చల్లబరిచే ఘాటైన అమోనియా గ్యాసు ప్లాంటు నడుపుతున్న మనిషికి ముక్కు పనిచేస్తేనే వింత. ఇంట్లో కూర మాడినా ఆయనకు తెలియదు, అత్తరు పూసినా తెలియదు. అందుకు పెద్ద బెంగ పెట్టుకున్నదీ లేదు. ఎవరైనా వేళాకోళం చేస్తే, "ముక్కుతో పనేముందిరా, తెర ఉందిగా" అనేవాడు.

తెర అంటే కంట్రోలు గదిలో ఉన్న డిస్‌ప్లే. సరుకు నిలవచేసే చాంబర్ల ముందు పెద్ద హాలుంది. ఆ హాలు గోడకు గ్యాసు డిటెక్టర్ ఒకటి బిగించి ఉంది. గాలిలో అమోనియా ఎంతుందో అది కొలిచి, ఆ కొలతను కొద్దిపాటి కరెంటుగా తీగలో పంపిస్తుంది. ప్యానెల్లో అరచేయంత మాడ్యూల్ ఆ కరెంటును అందుకుని అంకెగా మార్చి తెర మీద చూపిస్తుంది. అంకె ఇరవై అయిదు దాటిందా, హెచ్చరికగా హూటర్ మోగాలి. పోయిన ఎండాకాలం నుంచి అది ఒక్కసారి మోగితే ఒట్టు. అయిదో, ఆరో, మహా అయితే ఎనిమిదో. ఆ అంకెలు చూసుకుని సిలార్ మీసం దువ్వేవాడు, తన ప్లాంటంత శుభ్రమైన ప్లాంటు గుంటూరు చుట్టుపక్కల ఇంకోటి లేదని.

ఆ రోజు ఒంగోలు నుంచి జ్యోతిర్మయి అనే ఇంజినీరమ్మాయి వచ్చింది. పాత మాడ్యూల్ మధ్యమధ్యలో మొరాయిస్తోందని కొత్తది తెప్పించారు. పాతదాంట్లో ఏ సెట్టింగులున్నాయో చూసి కొత్తదాంట్లో అవే పెట్టాలి, అంతకు మించి పనేమీ లేదు. సిలార్ టీ తెప్పించి, గంటలో తేలిపోయే పనే కదా అని పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

అవతల హాల్లో పని జోరు మీద ఉంది. హమాలీలు మిర్చి బస్తాలు మోస్తున్నారు. ఓ వారగా ఆడవాళ్లు బారులు తీరి కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. సిలార్ భార్య కరీమున్ కూడా వాళ్లలోనే ఉంది. దగ్గులు వినిపిస్తూనే ఉన్నాయి. మిర్చి పని జరిగే చోట దగ్గు ఎవరికి వార్త? కొత్తవాళ్లు దగ్గితే నవ్వుతారు, పాతవాళ్లు దగ్గితే పట్టించుకోరు.

కొత్త మాడ్యూల్ బిగించి, సెట్టింగులు ఎక్కిస్తున్న జ్యోతిర్మయి ఉన్నట్టుండి ఆగిపోయింది.

"సిలార్ గారూ, ఈ గ్యాసు డిటెక్టర్ ఎప్పుడు పెట్టారండీ?"

"పోయిన ఎండాకాలం మేడమ్. పాతది పిడుగుకి కాలిపోతే ఇది తెప్పిచ్చారు."

"అప్పుడు మాడ్యూల్లో ఏమన్నా మార్చారా?"

"మార్చడానికేముంది? వైర్లు రెండు ఇప్పాం, రెండు బిగిచ్చాం. తెర మీద అంకె వచ్చింది. చాలు గదా?"

ఆమె లేచి హాల్లోకి వెళ్లింది. డిటెక్టర్ మీదున్న స్టిక్కర్‌ను ఫోనుతో ఫొటో తీసుకుని తిరిగొచ్చింది. కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి.

"మిరపకాయ ఘాటు మేడమ్. అలవాటు లేనోళ్లకి అట్నే ఉంటది" అని సిలార్ ఓదార్చాడు.

ఆమె ఆ ఓదార్పు పట్టించుకోలేదు. "పాత డిటెక్టర్ వంద దాకా కొలిచేది. మాడ్యూల్లో అదే పెట్టి ఉంది. మీరు పెట్టిన కొత్తది వెయ్యి దాకా కొలుస్తుంది. ఆ సంగతి మాడ్యూల్‌కి ఎవరూ చెప్పలేదు, వచ్చే కరెంటుని అది ఇంకా వంద లెక్కలోనే చూస్తోంది" అంది.

"అంటే?"

"అంటే మీ తెర అసలు దాంట్లో పదో వంతే చూపిస్తోంది."

సిలార్ నవ్వాడు. ఈ పిల్లది అతి తెలివి అనుకుని మనసారా నవ్వాడు. తెర మీద ఎనిమిది ఉంది. ఆమె ల్యాప్‌టాప్‌లో వంద తీసేసి వెయ్యి కొట్టింది. ఎనిమిది పోయి ఎనభై నాలుగు వచ్చింది. మరుక్షణం హూటర్ గొంతెత్తింది.

సిలార్ నవ్వు నవ్వుగానే ఉండిపోయింది, ముఖం మాత్రం పాలిపోయింది. ముందుగా ఆయనకు తట్టిన మాట, కొత్త మాడ్యూల్ పాడైందని. తెర మీద అంకె తొంభై ఒకటి అయింది. అప్పుడు బుర్రలో లెక్క దానంతటదే తిరగడం మొదలుపెట్టింది. అయిదు అంటే యాభై. ఆరంటే అరవై. మీసం దువ్వుకున్న ఎనిమిదంటే ఎనభై. అన్నాళ్లూ ఆ హాల్లో, ఆ గాలిలో, కరీమున్ కూర్చుని కాయలు ఏరింది. ఆయన కుర్చీ తోసుకుని లేచాడు.

"వాల్వు ఎక్కడండీ?" జ్యోతిర్మయి అరిచింది.

గ్యాసు ఆపే పెద్ద వాల్వు ప్లాంటు గదిలో ఉంది. ప్లాంటు గది ఎడమ పక్క. హాలు కుడి పక్క. ప్రాణం కుడిపక్కకు లాగుతుంటే, "అందర్నీ బయటికి తోలండి మేడమ్, మా ఆవిడ కూడా ఆడనే ఉంది" అని అరిచి సిలార్ ఎడమపక్కకు పరిగెత్తాడు. భార్యను వదిలి వాల్వు కోసం పరిగెత్తడం ఎంత నరకమో ఆయన ఎవరికీ చెప్పుకోలేడు. వాల్వు చక్రం రెండుసార్లు జారింది. మూడోసారి ఛాతీ ఆనించి, బిగిసిపోయేదాకా తిప్పి, హాలు వైపు దౌడు తీశాడు.

హాల్లో ఒక్కరూ కదల్లేదు. ఏడాదిగా మోగని హూటర్ మోగితే దానర్థం ఎవరికి గుర్తుంటుంది? జ్యోతిర్మయి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని అరుస్తోంది. హమాలీల మేస్త్రి యలమందయ్య బస్తా మీద కూర్చుని, "ఆపండెహె ఆ గోల! మిరపకాయల ఘాటుక్కూడా మోగిద్దంటయ్యా ఇది?" అంటున్నాడు.

"ఒరేయ్, ఘాటు కాదురా, గ్యాసు! గ్యాసు లీకయింది! బయటికి నడవండి!" సిలార్ అరుపుకు అందరూ అదిరిపడ్డారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి అలా అరిచేసరికి బస్తాలు ఎక్కడివక్కడ పడేసి గుమ్మం వైపు తోసుకున్నారు. కరీమున్ మాత్రం ఏరిన కాయల మీద పట్టా కప్పుతోంది. సిలార్ ఆవిడ జబ్బ పుచ్చుకుని బరబరా ఈడ్చుకొచ్చాడు.

బయట రోడ్డు పక్క ఎండలో నిలబెట్టాక గానీ ఆయన ఊపిరి పీల్చుకోలేదు. ఆడవాళ్లు కళ్లు కడుక్కుంటున్నారు. జ్యోతిర్మయి అందరికీ నీళ్లు అందిస్తూ, ఎవరికైనా ఆయాసంగా ఉందా అని అడుగుతోంది.

"కాయలు పాడైతే మేస్త్రి ఊరుకుంటాడా? అందరి ముందూ ఆ ఈడ్చటమేంది?" కరీమున్ చెయ్యి విడిపించుకోబోయింది.

"నా ముక్కంటే చచ్చింది. నీకేమైంది? వాసన తెలీలా?"

"తెలవకేం? రోజూ వస్తానే ఉంది."

సిలార్‌కు ఆ మాట మింగుడు పడలేదు. "రోజూనా? మరి నాతో చెప్పలేదేం?"

"ఏం చెప్పమంటావ్?" కరీమున్ ఎర్రటి కళ్లు తుడుచుకుంటూ విసుక్కుంది. "పెళ్లయిన కాడి నుంచీ నీ చొక్కాకి ఆ వాసనే గదా. నాకు భయమేంది? ఆడ కూసుంటే నువ్వు పక్కనున్నట్టే ఉండేది. వీళ్లంతా ముక్కులు మూసుకుని లేచిపోతావుంటే, అది మా ఆయన వాసనేలే, ఏం కాదు కూసోండని నేనే కూసోబెట్టా."

సిలార్ ఆవిడ జబ్బ వదిలేశాడు. అక్కడున్న ఆడవాళ్లందర్నీ ఒక్కొక్కరినే చూశాడు. తర్వాత వాళ్లందరి ముందే ఒంటి మీద చొక్కా గుండీలు తెంపుకుంటూ విప్పి, చేతనైనంత దూరం విసిరేశాడు.