శీతాలు నెమరేసిన పదకొండు లేబుళ్లు

చూలై పేటలో ఏకాంబరం శెట్టి ప్రెస్సు తెరిస్తే మొదట వెలిగేది అగరుబత్తి, ఆ తర్వాతే కంప్యూటర్. శెట్టి చెప్పులు గుమ్మం బయట విడిచి, కంప్యూటర్ మీద కప్పిన భార్య పాత పట్టుచీర తీసి, మడిచి, కళ్ళకద్దుకుని, అప్పుడు దాని మీద పనిచేసే కోకిలని లోపలికి రమ్మనేవాడు. కొని ఏడాదైనా దాన్ని ఆయన ఒక్కసారీ తాకలేదు. తెలియని చెయ్యి పడకూడదనేవాడు. ప్రెస్సులో ఆయన చెయ్యి పడకూడనివి ఇంకా చాలా ఉన్నాయని పనివాళ్ళ అభిప్రాయం. వాటిని మాత్రం రోజూ తాకేవాడు.

కోకిలకి ఇరవై మూడేళ్ళు. అంతకు ముందు రెండేళ్ళు ఒక ఎస్టీడీ బూత్‌లో కూర్చుని, ఊళ్ళోవాళ్ళ ఏడుపులూ కబుర్లూ వింటూ, రసీదుల వెనక అక్షరాలు గీసేది. ఆ రసీదు ఒకటి చూసే శెట్టి ఆమెని పిలిపించాడు. అది ఆయన జీవితంలో చేసిన ఒకే ఒక మంచి ఎంపిక అని ఆయన భార్య నందితమ్మ అందరితోనూ అంటుంది, తనని కూడా ఆయనే ఎంచుకున్నాడన్న సంగతి మరిచి. ఇక్కడికి వచ్చాక కోకిల రోజంతా అక్షరాలే గీస్తోంది. మళ్ళీ బూత్‌కి పోవాల్సి వస్తుందేమోనన్నది తప్ప ఆమెకి ఇంకే భయమూ లేదు.

సాయంత్రం ప్రెస్సు ఊడ్చేది మునెమ్మ. చెత్తకాగితం గంపకెత్తుకుపోయి తన ఆవు శీతాలుకి వేసేది. చూలైలో ఆవులన్నీ కాగితం తింటాయి. శీతాలు తిన్న కాగితం మాత్రం మర్నాటికి దాని పొట్ట మీద తేలుతుంది, రంగులతో సహా. పాలు తెల్లగానే ఉంటాయి గనక ఎవరూ ఏమీ అనలేదు. సినిమా ఆటల వేళలు జనం దాని మీదే చూసుకునేవారు. శెట్టి దగ్గర లెక్కలు రాసే బాలసుందరం పేపరు కొనడం మానేశాడు. వార్తలు ఒక రోజు ఆలస్యంగా వస్తున్నాయని మునెమ్మ మీద విసుక్కునేవాడు కూడా. ఒకసారి అది, చనిపోయిన భక్తవత్సలానికి వేసిన కన్నీటి అంజలి పోస్టరు తింటే, ఆయన పెళ్ళాం వచ్చి, ఇంట్లో ఫోటో కన్నా ఇదే బాగుందని ఆవుకి దండ వేసి పోయింది. దండని కూడా శీతాలు తినేసింది.

తొంభై ఏడులో అంబత్తూరు మసాలాపొళ్ళ ఫ్యాక్టరీ జనార్దనం పదకొండు లేబుళ్ళ పని ఇచ్చాడు. కోకిల మూడు నెలలు కూర్చుంది. ఆమెకి పద్ధతి తెలుసు. రోజూ పని అవగానే ఫ్లాపీల్లోకి రెండు ప్రతులు తీసేది. ఒక జత ప్రెస్సు బీరువాలో, ఒక జత ఇంట్లో బియ్యం డబ్బా వెనక. అంతా సక్రమంగా ఉండగా ఆయుధపూజ వచ్చింది.

"ఇంట్లో ఉండే ఫ్లాపీలు కూడా ఎత్తుకుని రామ్మా," అన్నాడు శెట్టి.

"అవి ఆడ ఉండేదే దేనికంటే సార్..."

"పనిముట్లలో కొన్నిటికి పూజ చేసి కొన్నిటిని వదిలేస్తారా? సరస్వతికి కోపం రాదూ?"

కోకిల తెచ్చింది. శెట్టి ఒక్కొక్క ఫ్లాపీకి ఇనుప మూత పక్కకి జరిపి, లోపల కూడా తగలాలని తడి గంధం పెట్టి, దాని మీద కుంకుమ అద్దాడు. ఏడాది పాటు కంప్యూటర్ని తాకని మనిషి ఆ రోజు భక్తికొద్దీ దాని వెనక గాలి పోయే సందుల్లోంచి పన్నీరు బుడ్డి మొత్తం చిలకరించాడు. హారతి ఇచ్చాడు. మర్నాడు కోకిల స్విచ్చి వేస్తే లోపల చిన్న చప్పుడు, గులాబీ వాసన.

రిచ్చీ వీధిలో కంప్యూటర్లు బాగుచేసే మోహన్‌రాజ్ వచ్చి మూత విప్పాడు. అతను ఏ యంత్రం చూసినా డాక్టరులా తల ఊపుతాడు. ఈసారి తల ఊపడం కూడా మానేశాడు.

"హార్డ్ డిస్కు పోయింది. ఫ్లాపీలు ఎన్ని?"

"నలభై," అంది కోకిల.

"నలభైకీ బొట్టు పెట్టినారా?"

"నేను పెట్టలే."

"రెండు ప్రతులూ ఒకే చోట పెట్టకూడదని నీకు చెప్పినా కదా."

"పెట్టలే. ఒకే పూజకి తెచ్చినా, అంతే."

పన్నెండు రోజుల్లో లేబుళ్ళు అచ్చుకి ముందు తీసే ఫిల్ముకి పోవాలి, లేకపోతే దీపావళి సరుకు బయటికి రాదు. శెట్టి కుర్చీలో కూలబడి, తన తప్పు ఎక్కడుందో గది నాలుగు మూలలా వెతికి, చివరికి కోకిల దగ్గర ఆగాడు.

"ఇదంతా కొత్త మోజు. పాత అచ్చు బ్లాకులైతే కడిగి వాడుకునేవాళ్ళం. గడువు రోజుకి పని కాలేదా, ఈ పెట్టె అమ్మేస్తా. నువ్వు ఇంకో చోటు చూసుకోమ్మా."

కోకిల తిన్నగా మునెమ్మ ఇంటికి పోయింది.

"అక్కా, నేను తప్పులు దిద్దినప్పుడల్లా ప్రింటు తీసి కుప్పతొట్టిలో వేసేదాన్ని కదా. అవన్నీ శీతాలుకే పెట్టినావా?"

"ఇంకెవరికి పెడతా? మీ శెట్టి తింటాడా?"

కొత్త కాగితం దొరకకపోతే శీతాలు పడుకుని నెమరేస్తుంది. అప్పుడు పాతవి ఒక్కొక్కటిగా వెనక్కి వస్తాయి, ఆఖరున తిన్నది ముందు. ఇది చూలైలో అందరికీ తెలుసు. కాబట్టి చెయ్యాల్సింది ఒకటే, దాన్ని కాగితానికి దూరంగా ఉంచడం. మునెమ్మ ఆవుని తెచ్చి ప్రెస్సు నడవలో కట్టేసి గడ్డీ, తెలకపిండీ మాత్రం పెట్టింది. మోహన్‌రాజ్ కొత్త డిస్కు బిగించాడు. కోకిల పల్చటి బటర్ పేపరూ పెన్సిలూ పట్టుకుని, ముక్కాలి పీట వేసుకుని ఆవు పొట్ట ముందు కూర్చుంది.

మొదటి రెండు రోజులూ సినిమా పోస్టర్లూ, ఉచిత కంటి శిబిరం నోటీసూ వచ్చాయి. భక్తవత్సలం మళ్ళీ కనిపిస్తే ఆయన పెళ్ళాం ఇంకో దండ తెచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం మిరప్పొడి లేబుల్ తేలింది. జనార్దనం ఎప్పుడొచ్చినా మిరపకాయ పెద్దది చెయ్యమనేవాడు గనక, వెనక్కి వస్తున్న కొద్దీ ఆ కాయ చిన్నదవుతూ పోయింది. మొదట వచ్చినదే ఆఖరున దిద్దినది కాబట్టి కోకిల దాన్నే గీసుకుంది. ఈగ వాలితే చర్మం వణికి అక్షరాలు కదిలేవి. శీతాలు ఊపిరి పీల్చినప్పుడు ధనియాల పొడి వెడల్పయ్యేది. అది ఊపిరి వదిలే దాకా ఆగి కోకిల గీసేది.

"ఏమే, కంప్యూటర్ కన్నా ఇదే మేలు కదా?" అంది మునెమ్మ.

"మేలే అక్కా. తోక ఒకటే ఇబ్బంది."

గీసినది గీసినట్టు కంప్యూటర్‌లోకి ఎక్కించేది. సాయంత్రానికి ఈసారి మూడు ప్రతులు. ఒకటి మోహన్‌రాజ్ చేతికి, ఒకటి ఇంటికి, ఒకటి మునెమ్మ ఇంట్లో అటక మీదకి. మూడూ ఎప్పుడూ ఒక చోట కలవకూడదనీ, ఏ పూజకీ రాకూడదనీ ఆ ఇద్దరి చేతా ఒట్టు వేయించింది. శెట్టి వింటూ ఉండగానే వేయించింది. ఆయన గడియారం వంక చూశాడు.

తొమ్మిదో రోజుకి పది లేబుళ్ళు అయ్యాయి. పదకొండోది సాంబారుపొడి, ఆమె అన్నిటికన్నా ముందు గీసింది. పదో రోజు పొద్దున పని ఎంత వరకు వచ్చిందో చూడటానికి జనార్దనం అంబత్తూరు నుంచి స్కూటర్ మీద వచ్చాడు. అతను దిగేసరికి నడవలో అందరూ గుమిగూడి ఉన్నారు. శీతాలు పడుకుని, కళ్ళు సగం మూసి నెమరేస్తోంది. పొట్ట మీద సాంబారుపొడి లేదు. శెట్టి దస్తూరీలో, కొట్టివేతలతో సహా, ఇలా ఉంది:

'కంప్యూటర్ అమ్మబడును. దీపావళి తర్వాత. కొన్న ధరలో సగం. దాని మీద పనిచేసే పిల్ల కూడా అప్పటికి ఖాళీ. మంచి పిల్ల.'

పేపర్లో వేయించడానికి రాసుకున్న చిత్తు అది. పైన ఆగస్టు తారీకు ఉంది. రెండు వేల సంవత్సరంలో కంప్యూటర్లన్నీ ఒకేసారి ఆగిపోతాయని ఆ నెలలోనే బాలసుందరం శెట్టికి చెప్పాడు. శీతాలు మీద చదివాడు మరి. ఆ బాలసుందరమే ఇప్పుడు చత్వారపు అద్దాలు తుడుచుకుని, అందరికీ వినబడేలా ప్రకటన రెండుసార్లు చదివి పెట్టాడు.

కోకిల ఒక్కసారే చదివింది. పది రోజులుగా తను కాపాడుకుంటున్న పని ఆగస్టులోనే పోయిందని ఆమెకి అర్థమైంది. లేచి బయటికి పోతుందనుకున్నారు. ఆమె పీట కొంచెం వెనక్కి జరుపుకుని, అక్షరాలు వాటంతట అవి చెరిగే దాకా కూర్చుంది. మధ్యాహ్నం సాంబారుపొడి వచ్చింది. గీసింది. కంప్యూటర్‌లోకి ఎక్కించింది. మూడు ప్రతులు తీసింది. సాయంత్రం పదకొండు లేబుళ్ళూ జనార్దనం చేతిలో పెట్టింది.

"బాగుండాది," అన్నాడు జనార్దనం. "మిరపకాయ ఇంకొంచెం..."

"ఇంక పెరగదు సార్. వచ్చే ఏడు క్యాలెండరు కూడా ఉందంటిరి కదా. ఆ పని నాకిస్తారా? శెట్టిగారికి కాదు, నాకు. అడ్వాన్సు ఇప్పుడే కావాల."

జనార్దనం శెట్టి వంక చూశాడు, ఆవు వంక చూశాడు, జేబులో చెయ్యి పెట్టాడు. కోకిల ఆ కవరు తెరవకుండానే శెట్టి బల్ల మీద పెట్టింది.

"కంప్యూటర్ నేను తీసుకుంటా సార్. సగం ధరకి. ఇందులో తక్కువైంది నెలనెలా ఇస్తా."

శెట్టి లేచి నిలబడ్డాడు. "అది పాతమాటమ్మా! ఇప్పుడు నా మనసు మారింది. నిన్ను పంపిస్తానా?"

"సరి సార్. ఆ మాటే ఒక కాగితం మీద రాసి శీతాలుకి పెట్టండి. రేపు పొద్దున అందరూ చదువుకుంటారు."

శెట్టి కాగితం తీసుకున్నాడు. పెన్ను మూత తీశాడు. నడవలో శీతాలు నెమరు ఆపి తలెత్తింది. శెట్టి దాని వంక కాసేపు చూసి, పెన్ను మూత పెట్టి, కంప్యూటర్ మీద కప్పే పట్టుచీర ఒక్కటి తన దగ్గర ఉంచుకున్నాడు. చీకటి పడకముందే, కంప్యూటర్ని కోకిల ఇంటికి చేర్చడానికి, వీధిలో బండి లాగే అంతోని చేతిబండి తెచ్చాడు.