పాత చేసిన గడియ

కొత్త గడియ మరీ కొత్తగా కనపడుతోంది. దిగుడు బల్ల అంచుకు నాలుగు మరలతో బిగించిన ఆ ఇనుప ముక్క మిట్టమధ్యాహ్నపు వెలుతురులో తళతళమంటోంది. దాని చుట్టూ బల్లా, మోటారూ, తోలు పట్టా, రంపపు చక్రం అన్నీ చెక్కపొట్టూ జిడ్డూ పట్టి నల్లబడి ఉన్నాయి.

"ఇట్టా ఉంటే గుడ్డోడు కూడా కనుక్కుంటాడు," అన్నాడు మిల్లు యజమాని రంగనాయకులు. "దాన్ని పాత చెయ్యి జకరయ్యా. మూడు గంటల బండికి దిగతాడంట ఇనస్పెక్టరు."

జకరయ్య గుడ్డపీలికను నూనెలో ముంచి గడియకు రుద్దాడు. మెరుపు తగ్గింది కాని పోలేదు. అంచులు ఆకురాయితో గీశాడు. గుప్పెడు పొట్టు తీసి చల్లాడు. అది నూనెకు అంటుకుంది.

"మరల మీద ఉప్పునీళ్ళు కొట్టు. సముద్రపు గాలి రెండేళ్ళలో చేసే పని రెండు గంటల్లో చేస్తది," అని రంగనాయకులు తన మాటకు తనే నవ్వుకున్నాడు.

కావలి స్టేషనుకు తూర్పున ఉన్న ఆ కోతమిల్లులో జకరయ్యకు పదకొండేళ్ళ పని. రోజుకు రెండు రూపాయల పావలా. చక్రపు రంపానికి చెక్కను నెట్టేది అతను. అవతలి వైపు నిలబడి కోసిన చెక్కను అందుకునేది మస్తానయ్య. ఐదారడుగుల చెక్కలకు రంపం బల్ల ఒక్కటే సరిపోతుంది. జువ్వలదిన్నె నుంచి పడవలు కట్టేవాళ్ళు వస్తే మాత్రం పద్దెనిమిది, ఇరవై అడుగుల చెక్కలు కోయాలి. వాటి బరువు మోయడానికే ఈ దిగుడు బల్ల. రంపం బల్లకు కీళ్ళతో తగిలించి ఉంటుంది. పొడుగు చెక్క వచ్చినప్పుడు పైకెత్తి గడియ వేస్తారు. పని అయిపోగానే కిందికి వదిలేస్తారు, ఎడ్లబండి పోవడానికి దారి కావాలి కనుక.

అసలు గడియ విరిగి రెండేళ్ళయింది. మద్రాసు నుంచి తెప్పిస్తే పద్నాలుగు రూపాయలవుతుందన్నారు. "చూద్దాం" అన్నాడు రంగనాయకులు. చూసేలోపు పని ఆగకుండా మస్తానయ్య సరుగుడు కొమ్మతో ఒక చీల చెక్కి, గడియ ఉండవలసిన బెజ్జంలో కొట్టాడు. ఎండకు చీల ఎండి వదులవుతుంటే దానికీ ఉపాయం అతనే కనిపెట్టాడు. పొద్దున ముందుగా వచ్చినవాడు చీలను నీళ్ళకుండలో వెయ్యాలి. పని మొదలయ్యేసరికి అది ఉబ్బుతుంది. అప్పుడు సుత్తితో రెండు దెబ్బలు వేస్తే ఏనుగు లాగినా రాదు. మధ్యాహ్నం అన్నాలప్పుడు మళ్ళీ తడపాలి. కట్టె కొనడానికి వచ్చినవాళ్ళకు మస్తానయ్య దాన్ని చూపించి, "మద్రాసు గడియకు తుప్పు పడతాది సామీ, మా గడియకు దాహమేస్తాది, అంతే తేడా" అనేవాడు. అందరూ నవ్వేవారు. జకరయ్య కూడా నవ్వేవాడు. రంగనాయకులు ఇక ఆ పద్నాలుగు రూపాయల సంగతి ఎత్తలేదు. వీళ్ళూ అడగలేదు.

ఏప్రిల్ మూడో వారంలో ఒకరోజు ముందుగా వచ్చింది జకరయ్య. పడవల వాళ్ళ బండి అప్పటికే వాకిట్లో ఉంది. కుండ ఎండిపోయి ఉంది. స్టేషను కుళాయి దాకా పోయి నీళ్ళు తేవాలంటే పావుగంట, తెచ్చి చీల నానేసరికి ఇంకో గంట. రంగనాయకులు గుమ్మంలో నిలబడి గడియారం చూస్తున్నాడు. "ఏందబ్బా ఇంకా, కొట్టు" అన్నాడు. జకరయ్య చీలను బెజ్జంలో పెట్టి వేళ్ళతో నొక్కి చూశాడు. అది లొడలొడమని ఆడింది. ఈ ఒక్క బండికీ నిలుస్తుందిలే అనుకొని కొట్టాడు. మస్తానయ్య తరువాత వచ్చి తలగుడ్డ చుట్టుకొని తన చోట నిలబడ్డాడు. చీల తడిసిందా అని అడగలేదు. ఆ రెండేళ్ళలో అలా అడగవలసిన అవసరం ఏనాడూ రాలేదు.

నాలుగో చెక్క సగం దాటాక చీల జారిపోయి, దిగుడు బల్ల కిందికి వాలిపోయింది. చెక్క ఒరిగింది. చెక్క విరిగితే దాని ధర కూలీలో కోసుకుంటారు. మస్తానయ్య చెయ్యి దాన్ని పట్టుకోవడానికి పోయింది. జకరయ్య మోటారు ఆపేలోపు అయిపోయింది. కుడిచేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది.

మొన్న ఆదివారం జకరయ్య మిషను గుడి నుంచి అటే మస్తానయ్య ఇంటికి మామిడికాయలు తీసుకెళ్ళాడు. మస్తానయ్య గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. భార్య ఆదిశేషమ్మ అన్నం కలిపి ముద్దలు పెడుతోంది.

"చూడన్నా, పెండ్లినాడు కూడా ఇంత బింకంగా కూర్చోలా," అందామె.

"ఇంక సలామంటే ఎడంచెయ్యే జకరీ. మర్యాద తప్పిందని కోప్పడబాక," అన్నాడు మస్తానయ్య. తరువాత గొంతు తగ్గించి, "చీల నేను సరిగ్గా చూసుకోలేదేమో. ఆ పొద్దు చేత్తో ఒక్కసారి నొక్కి చూసుంటే సరిపొయ్యేది," అన్నాడు.

జకరయ్య గొంతులో మాట ఉంది. ఆదిశేషమ్మ ఇంకో ముద్ద పెడుతుంటే, ఆ ముద్ద అయ్యాక చెబుదామనుకున్నాడు. అది అయ్యాక మంచినీళ్ళు తాగనిద్దామనుకున్నాడు. తరువాత లేచి వచ్చేశాడు.

ఇప్పుడు రంగనాయకులు ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ప్లీడరు గుమాస్తా చేత టైపు కొట్టించినది. మిషను బడిలో నాలుగో తరగతి దాకా చదివిన జకరయ్య దాన్ని కూడబలుక్కుంటూ చదివాడు. ప్రమాదం జరిగిన రోజు గడియ మంచి స్థితిలో ఉన్నదనీ, మస్తానయ్య ఎన్నిసార్లు చెప్పినా వినకుండా కావాలనే దాన్ని వెయ్యలేదనీ ఉంది. కింద తన పేరు.

"ఇట్టా రాస్తే వాడికి నష్టపరిహారం రాదు కదయ్యా?"

"రాదు. గడియ ఉండి వెయ్యకపోతే చట్టం ఒప్పుకోదు. నేను ఊరకే వదిలేస్తానా? వాడికి ఏదో ఒకటి ఇస్తాలే, వాచ్‌మన్ పని." రంగనాయకులు కొంచెం దగ్గరకు జరిగాడు. "నువ్వు చీల సంగతి ఎత్తితే, తడపనోడు ఎవురో కూడా ఎత్తాల్సొస్తది. ఆ పొద్దు నేను గుమ్మంలోనే ఉండా, మరిచిపోబాక. వాడి పెండ్లాం నీ మొహాన ఊస్తది. చూసుకో."

ఇనస్పెక్టరు సంజీవరావు మూడున్నరకు వచ్చాడు. సన్నటి మనిషి. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. మంచినీళ్ళు తాగి, సోడా వద్దన్నాడు. ఆయన వెనకే మస్తానయ్య, ఆదిశేషమ్మ వచ్చారు. వాళ్ళకూ కబురు వెళ్ళింది. మస్తానయ్య చేతికట్టు పైన పాత తువ్వాలు చుట్టి ఉంది.

ఇనస్పెక్టరు దిగుడు బల్లను పైకెత్తి గడియ వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు. టక్కుమని పడుతోంది.

"ఇది ఎప్పటిది?"

"రెండేళ్ళ నాటిదండి," అన్నాడు రంగనాయకులు.

మస్తానయ్య నవ్వాడు. "ఏది, ఇదా? నేను పోంగానే ఇల్లు సర్దినట్టుండారే. ఇక్కడ చీల ఉండె సార్. సరుగుడు చీల."

"ఆయన అయిందానికీ కానిదానికీ నవ్వతా ఉంటాడు సార్, మీరు నిజమే రాసుకోండి," అంది ఆదిశేషమ్మ.

సంజీవరావు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "అమ్మా, మీ మాట మీది, యజమాని మాట ఆయనది. చూసినవాళ్ళు ఇంకొకరు చెప్పాలి. రంపం దగ్గర ఉన్నది ఎవరు?"

అందరూ జకరయ్య వైపు చూశారు. రంగనాయకులు టైపు కాగితం మీద కలం పెట్టి ముందుకు జరిపాడు.

జకరయ్య కలం తీసుకోలేదు. చేతులకు ఇంకా నూనె ఉంది. పంచెకు తుడుచుకున్నాడు.

"నేను దీంట్లో సంతకం పెట్టనయ్యా," అన్నాడు. తరువాత ఇనస్పెక్టరు వైపు తిరిగాడు. "ఈ గడియ నిన్న సాయంత్రం వచ్చింది సార్. నేనే బిగించినా. ఈ మజ్జాన్నం నేనే దీన్ని పాత చేసినా. మర మీద చెయ్యి పెట్టి చూడండి, తడి ఇంకా ఆరలా."

సంజీవరావు వేలితో తాకి, వేలు చూసుకున్నాడు. నాలుకకు ఆనించుకొని ఉమ్మేశాడు.

"ఆగిపోయినావే? మిగతాది కూడా చెప్పు," అన్నాడు రంగనాయకులు. కేక వెయ్యలేదు. "ఆ పొద్దు చీల తడపంది ఎవురో చెప్పు. మీవోడు కూడా విననీ."

జకరయ్యకు అబద్ధం చెప్పడానికి అవకాశం ఉంది. చూసింది యజమాని ఒక్కడే, ఆ యజమాని మాట ఇంక ఇనస్పెక్టరు నమ్మడు. ఆ సంగతి జకరయ్యకు ఆ క్షణంలోనే తెలిసింది. తెలిశాక కూడా అతను మస్తానయ్య వైపే చూశాడు.

"నేనే మస్తానా. కుండలో నీళ్ళు లేవు. ఎండు చీలే కొట్టినా. ఒక్క బండికి నిలస్తదిలే అనుకున్నా."

మోటారు ఆగి ఉండటం వల్ల రైలు కట్ట మీద గడ్డి కోసేవాళ్ళ మాటలు కూడా వినపడుతున్నాయి.

మస్తానయ్య ముఖంలో నవ్వు అట్లాగే ఉండిపోయింది. దాన్ని ఏం చేసుకోవాలో అతనికి తెలిసినట్టు లేదు.

"మొన్న మామిడికాయలు తెచ్చింది ఇందుకా అన్నా?" అంది ఆదిశేషమ్మ.

సంజీవరావు స్టూలు లాక్కొని కూర్చొని చాలాసేపు రాశాడు. రాసినది పైకి చదివాడు. గడియ లేదని రాశాడు. చీల ఎండుదని రాశాడు. త్వరపెట్టింది ఎవరని అడిగి, అదీ రాశాడు. "ఇది చాలా కాలం నడుస్తుంది. నెల్లూరు రావాల్సి ఉంటుంది, ఒకసారి కాదు," అన్నాడు. జకరయ్య సంతకం పెట్టాడు. మస్తానయ్య ఎడంచేతి వేలిముద్ర వేశాడు.

"రేపట్నుంచి నువ్వు రాబాక," అన్నాడు రంగనాయకులు జకరయ్యతో.

"సరేనయ్యా."

"పడవలోళ్ళకు చెక్కల సంగతి ఏం చెప్పుకోవాలి నేను?"

ఆదిశేషమ్మ కాగితాల గురించి ఏదో అడగడానికి ఇనస్పెక్టరు దగ్గర ఆగిపోయింది. మస్తానయ్య ఒక్కడే బయటికి నడిచాడు. కొంచెం ఆగి జకరయ్య కూడా బయల్దేరాడు. గేటు దాటాక ఇద్దరి ఇళ్ళూ ఒకే దారిలో. ఇన్నేళ్ళూ ఆ దారిన పక్కపక్కన నడిచినవాళ్ళు ఇప్పుడు ఇరవై అడుగుల ఎడంతో నడుస్తున్నారు. తూర్పు నుంచి ఉప్పుగాలి కొడుతోంది. రోడ్డు మీద దుమ్ము లేస్తోంది.

గేటు దగ్గర గాలికి మస్తానయ్య తలగుడ్డ ఊడి భుజం మీదికి జారింది. అతను ఆగాడు. ఎడంచేత్తో ఒక కొస పట్టుకొని చుట్టబోయాడు. రెండో కొస పట్టుకోవడానికి చెయ్యి లేదు. గడ్డంతో అదిమిపట్టి మళ్ళీ చుట్టాడు. మళ్ళీ ఊడింది.

జకరయ్య ఆగిపోయాడు. ముందుకు పోతే ఆ కొస పట్టుకోవచ్చు. పట్టుకోనిస్తాడో లేదో తెలియదు.

మస్తానయ్య వెనక్కి తిరిగి చూడలేదు. ముందుకూ పోలేదు. ఊడిన గుడ్డ పట్టుకొని, గేటు కొయ్యకు ఎదురుగా, అట్లాగే నిలబడి ఉన్నాడు.