భూపతి సేటు కొన్న పంచకల్యాణి

గుర్రాన్ని ఎట్ల ఎంచాల్నో నేను చెప్పవోతే, భూపతి సేటు నాకే పంచాంగం చెప్పిండు. సిద్దిపేటల బట్టల దుకాణమున్నోనికి తెల్వనిదేముంటది? ఇరవై ఏండ్లు టాంగ తోలిన ఈ దుబ్బయ్యకేం తెలుస్తది?

తొంభై ఒకటిల ఆటోలొచ్చి నా టాంగ మూలకు వడ్డది. పెద్ద గుర్రాన్ని అమ్ముకున్న. జాతరల్ల పిల్లల్ని ఎక్కిచ్చుకునే బంగారి ఒక్కతే మిగిలింది. పొట్టిది, నా నడుముదాక గూడ రాదు. సేటు పట్నంల ఎవరి తోటల్నో గసొంటి గుర్రాలను సూసొచ్చిండు. ఇగ సూడు మోజు! ప్రజ్ఞాపూర్ తోటల పొట్టి గుర్రాల సంతతి తీస్తడట, ఉన్నోళ్ల పిల్లలకు అమ్ముతడట.

"బంగారిని నా తోటల కట్టెయ్. ఏడాదిల కడుపైతే నీకు జీవితమంత కొలువు. కాకపోతే నీ దారి నీది, గుర్రం నాది" అన్నడు. ఒప్పుకున్న. ఆకలి గట్ల ఒప్పిస్తది.

మగదాన్ని ఎంచేతందుకు తమ్ముడు నాగేశాన్ని తోలుకొచ్చిండు. నాగేశం సుడులు సూస్తడు. ఎంటికలు ఎటు తిరిగినయో సూసి గుర్రం జాతకం చెప్తడు, మహానుభావుడు! అమ్మెటోడు రెండిటిని తెచ్చిండు. ఒకటి నల్లది. కాళ్లు తిన్నగున్నయి, పండ్లు గట్టిగున్నయి, బంగారిని సూడంగనే సకిలిచ్చింది. నాగేశం దాని కన్ను కింద ఏలు వెట్టి, "కన్నీటి సుడి. ఇంటికి ఏడుపు" అన్నడు. రెండోది పంచకల్యాణి. నాలుగు కాళ్లు, మొకం తెలుపు. గోవు లెక్క నిలవడ్డది. సేటు దానికి చేతులు జోడిచ్చిండు.

నేను వంగి కిందికి సూసిన. సూసేతందుకు ఏముంది, నా మొకం! పెండ్లి బరాత్‌ల బెదురకుండ చిన్నప్పుడే వట్టలు కొట్టిచ్చిన్రు.

"సేటూ, గిది పనికిరాదు. దీనికి వట్టలు లేవు" అన్న.

"శుభం పలుకరా పెండ్లికొడకా అంటే..." అని నాగేశం పండ్లు కొరికిండు. "లక్ష్మి గల్ల గుర్రం కాళ్ల సందుల తలకాయ వెడ్తవారా?"

సేటు నవ్విండు. "నీకేం తెల్సురా! గింత శాంతమున్నదానికే మంచి సంతానమైతది." థూ, ఏం తెలివి!

ఏడాది గడిచింది. పంచకల్యాణి సేటు పంపిన బెల్లం తిని బలిసింది, బంగారి పక్కపొంటి గడ్డి మేసింది. గంతే.

గడువునాడు అన్నదమ్ములు తోటకొచ్చిన్రు. ఎంబడి సేటు భార్య ప్రమీలాదేవి గూడ వచ్చింది. పెండ్లయి పదకొండేండ్లు, కడుపు పండలె. ఉపాసాలు ఆమెయే, మొక్కులు ఆమెయే, దవాఖానల సూదులు ఆమెకే.

నాగేశం బంగారి పొట్ట నిమిరి, "గొడ్డుది. దీన్ని అమ్మి ఇంకోదాన్ని తెద్దాం అన్నా" అన్నడు.

నా ఒళ్లు భగ్గుమన్నది. "గొడ్డుది బంగారి గాదు సేటూ! ఏడాదిసంది మొత్తుకుంటున్న, దాని మొగన్ని సూడున్రి ఒక్కసారి!"

మొగోళ్లిద్దరు కదల్లే. ప్రమీలాదేవి వంగింది. పట్టుచీర కొంగు పెండల వడ్డా పట్టిచ్చుకోలె. సూసింది. నిమ్మలంగ లేచి, పెనిమిటి మొకం దిక్కు గూడ గట్లనే సూసింది.

"ముందుగాల ఆడదాన్నే అంటరు దుబ్బయ్యా, మా ఇంట్ల గంతే" అన్నది. బంగారి తాడు ఇప్పి నా చేతుల వెట్టింది. "నీ గుర్రాన్ని తీస్కపో. రేపు దవాఖానకు నేను పోను. మీ సేటు పోతడు."