గాలివానకు వర్తించదు

ఆ మధ్యాహ్నం నేను వారంటీ కంపెనీకి ఫోన్ చేసింది ఫ్రిజ్ గురించి. రెండు రోజులుగా అది చల్లబడటం మానేసింది. మనిషిని పంపుతామని మాట తీసుకున్నాక, ఫోన్ పెట్టేయబోతూ ఊరికే అడిగాను, వడగళ్లకు ఇంటి కప్పు పాడైతే కూడా ఈ నంబరుకే చేయాలా అని. మా జిల్లాకు సుడిగాలి రావచ్చని పొద్దుటి నుంచి హెచ్చరిక అమల్లో ఉంది. మే నెలలో కాన్సస్‌లో అది వింత కాదు. భయపడి అడిగిన ప్రశ్న కూడా కాదది.

"లేదు మేడమ్," అంది అవతలి అమ్మాయి. "మాది వారంటీ. ఫ్రిజ్, హీటర్, నీళ్ల పైపులు, ఇలాంటివి వాడగా వాడగా చెడిపోతే మేం బాగుచేయిస్తాం. గాలి, వడగళ్లు, నిప్పు, దొంగతనం మాకు రావు. అవి మీ బీమావాళ్లు చూసుకుంటారు."

"మా బీమా మీరే కదమ్మా."

"మేం కాదు మేడమ్. మీకు వేరే ఉండే ఉంటుంది, చూసుకోండి. ఇల్లన్నాక లేకుండా ఎలా ఉంటుంది?"

గోధుమ గిడ్డంగిలో పని త్వరగా ముగించి మా ఆయన లీలండ్ అప్పుడే వచ్చాడు. గాలివాన వచ్చేలా ఉంటే గిడ్డంగి మూసేస్తారు. సింకు దగ్గర నిలబడి, నేను పొద్దున కాల్చిపెట్టిన బియరాక్‌ను, క్యాబేజీ, మాంసం కూరిన ఆ రొట్టెను, తింటున్నాడు.

"మన ఇంటి బీమా ఎవరి దగ్గర ఉంది?" అని అడిగాను.

"నెలనెలా కడుతున్నాంగా."

"దేనికి కడుతున్నాం?"

"ఇంటికి." నమలడం ఆపాడు. "ఇంటి రక్షణ అనేగా దాని పేరు. ఎందుకలా చూస్తున్నావు?"

కిందటి శరదృతువులో మా ఇంటి అప్పు తీరింది. ఇక్కడి వాళ్లందరిలాగే మేమూ బంధువులను పిలిచి, పెరట్లో మాంసం కాల్చే పొయ్యిమీద అప్పు కాగితాన్ని కాల్చాం. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ కాగితంతో పాటు ఇంకేం పోయిందో ఎవరికీ తట్టలేదు. అన్నేళ్లూ బ్యాంకు అప్పు వాయిదాలోనే బీమా సొమ్మునూ కలిపి వసూలు చేసి, తానే కట్టేది. అప్పు ముగియగానే కట్టడం మానేసింది. ఇక అది మా పని. ఆ రోజుల్లోనే లీలండ్ ఈ వారంటీ తీసుకున్నాడు. బీమా కంపెనీ డబ్బు కట్టమని అడిగినప్పుడు, ఒకే పనికి ఇద్దరికి కడతామా అని నవ్వి, దాన్ని వదిలేశాడు. నేనూ నవ్వాను.

స్పీకర్ పెట్టి మెర్ల్‌కు ఫోన్ చేశాం. ఊళ్లో బీమా వ్యవహారాలు చూసేది అతనే. లీలండ్‌కు బడి నాటి స్నేహితుడు, చర్చిలో మా వెనక బెంచీ.

"నీ బీమా చలికాలం మొదట్లోనే రద్దయిపోయిందిరా," అన్నాడు మెర్ల్. "నేనడిగితే వేరేవాళ్ల దగ్గరికి మారానన్నావు. నా మీద అలిగావేమో అనుకున్నాను."

"మారాను. వారంటీకి."

"వారంటీకా?" మొదలైన నవ్వు సగంలో ఆగిపోయింది. "ఒరే, అది నీ ఫ్రిజ్‌కు ముసలితనం వస్తే వైద్యం చేయిస్తుంది. నీ ఇంటి నెత్తిన చెట్టు పడితే దానికేం పట్టదు."

"సరే, తప్పయింది. ఇప్పుడు కొత్త బీమా రాయి."

"ఇప్పుడెలా రాస్తాను? హెచ్చరిక ఎత్తేసేదాకా ఈ జిల్లాలో కొత్తది ఒక్కటి కూడా రాయొద్దని కంపెనీ చెప్పింది. ఇలాంటి రోజున అందరికీ బీమా గుర్తొస్తుందని వాళ్లకి తెలుసు." గొంతు తగ్గించాడు. "ముందు కిందికి దిగండి. వెర్డాను తీసుకుని దిగు." వెర్డా అంటే నేనే.

నేలమాళిగలో ఊరగాయ జాడీల మధ్య కూర్చున్నాం. కాసేపటికి పైన వడగళ్లు మొదలయ్యాయి. ఎవరో బండ్లకొద్దీ గులకరాళ్లు కుమ్మరిస్తున్నట్టుంది.

"కూర్చో," అన్నాడు లీలండ్.

"కూర్చునే ఉన్నాను."

"నిలబడి ఉన్నావు వెర్డా."

నిజమే. కూర్చోవడం నా వల్ల కాలేదు. చలికాలమంతా ఈ ఇల్లు ఇలాగే, ఏ ఆసరా లేకుండా ఉంది. మంచు తుఫానులు వచ్చాయి, పక్క వీధిలో ఒక ఇల్లు కాలింది. మేం హాయిగా నిద్రపోయాం. ఈ రోజు మారింది ఇల్లు కాదు, మా ఎరుక ఒక్కటే. ఇన్నాళ్లూ నేను రక్షణ అనుకున్నది నిజానికి నా నిద్ర మాత్రమేనా? లోపలి నుంచి అరిగిపోయేదానికి ఒక హామీ, బయటి నుంచి వచ్చి పడేదానికి మరొకటి. ఇంత సులువైన తేడా. ముసలితనానికి జాగ్రత్తపడి, మృత్యువు సంగతి మరిచిపోయినట్టుంది మా పని.

గాలి హోరు పెరిగి, ఇంటిని ఒకసారి ఊపి, తూర్పుకు జరిగిపోయింది. మేం పైకి వచ్చేసరికి సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడుతోంది. ఇల్లు నిలబడే ఉంది. వాకిట్లో నుంచి చూస్తే కప్పు చెక్కుచెదరలేదు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

అప్పుడే మెర్ల్ ఫోన్ చేశాడు. నేనే తీసి స్పీకర్ పెట్టాను. "హెచ్చరిక ఎత్తేశారు. పడమట ఇంకో మబ్బు లేస్తోందట, చీకటి పడేలోపు మళ్లీ పెట్టేస్తారు. ఈ సందులో రాసేస్తాను. ఒక్క ప్రశ్న అడగాలి, అంతే. ఇంటికి ఇప్పటికే ఏమైనా దెబ్బ తగిలిందా?"

నేను ఫోన్ మీద చెయ్యి అడ్డుపెట్టి, "ఏం కనిపించలేదని చెప్పు," అన్నాను లీలండ్‌తో. "అది నిజమే కదా."

"ఎక్కడి నుంచి కనిపించలేదు?"

"ఇక్కడి నుంచి."

"ఉత్తరం వైపు?"

"అటు ఇంకా ఎవరూ వెళ్లలేదు. వెళ్లనప్పుడు అది అబద్ధమెలా అవుతుంది?"

ఆ వాదం నాకు అంత తొందరగా ఎక్కడ దొరికిందో తెలియదు. వెతుక్కోనక్కరలేకుండా నోటికి వచ్చింది. చూడకపోవడం చూడనట్టు ఉండటంగా మారేది సరిగ్గా ఎక్కడో ఆలోచించే తీరిక నాకు లేదు. ఆ తీరిక నాకు అక్కర్లేదు కూడా.

లీలండ్ ఫోన్ తీసుకున్నాడు. "పెట్టేయకు. నిచ్చెన వేసి చూసొస్తాను."

"నిచ్చెన ఎక్కమని ఎవరన్నార్రా? నీకు తెలిసింది చెప్తే చాలు."

"నువ్వడిగింది ఇంటి గురించి. నా కళ్ల గురించి కాదు."

"చిన్నప్పటి నుంచీ వీడింతే," అన్నాడు మెర్ల్, నాకు వినపడాలనే.

నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. కప్పు మీద లీలండ్ అడుగులు అవతలి వైపుకు వెళ్లి, ఒకచోట ఆగిపోయాయి. పడమటి దిక్కు నల్లబడుతోంది. ఏమీ ఉండకూడదని కోరుకున్నాను. ఉంటే అతను నోరు మూసుకోవాలని అంతకన్నా గట్టిగా కోరుకున్నాను. ఆ రెండో కోరికకు సిగ్గుపడటానికి ప్రయత్నించాను, కుదరలేదు.

దిగివచ్చి ఫోన్ అందుకున్నాడు. "కప్పు పలకలు చాలా లేచిపోయాయి. కింద చెక్క కనిపిస్తోంది. ఒక తలుపంత మేర."

అవతల మెర్ల్ పెన్ను కింద పెట్టిన చప్పుడైంది. "అయితే రాయలేను. బాగుచేయించి ఫొటో పంపు, ఆ పూటే రాసేస్తాను. ఈ రాత్రికి మాత్రం మీకు మీరే." మళ్లీ తనే, "టార్పాలిన్ ఉందా?" అన్నాడు.

"లేదు."

"తిండికి తప్ప దేనికీ ముందుచూపు లేదు నీకు. వస్తున్నాను."

టార్పాలిన్ పట్టుకుని ఆఫీసు బూట్లతోనే వచ్చాడు. దారి పొడవునా తిట్టుకుంటూ వచ్చినట్టున్నాడు, నిచ్చెన ఎక్కుతూ కూడా ఆపలేదు. ఇద్దరు ముసలివాళ్లు కప్పు మీద మోకాళ్ల మీద పాకుతుంటే, నేను నిచ్చెన సగంలో నిలబడి మేకులు అందిస్తున్నాను. లీలండ్ మీద కోపం తగ్గలేదు. ఒక్క మాట మింగి ఉంటే ఈపాటికి లోపల కూర్చునేవాళ్లం. ఆ కప్పు కింద, ఆ మాట కింద నాకు నిద్రపట్టేదని కూడా తెలుసు. కోపం అందుకేనేమో.

అంచు కింద గాలి దూరి టార్పాలిన్ ఉబ్బింది. మెర్ల్ దాని మీద బోర్లా పడుకున్నాడు.

"కొట్టరా," అన్నాడు. "నా చెయ్యి కాదు, మేకు."

నేను ఇంకో మెట్టు ఎక్కి, పిడికెడు మేకులు పైకి చాచాను.